చేపముల్లు అల్లిక

మంచు మీద అడుగు చూసి మనిషిని చెప్పడం మాలో పెద్ద విద్యేమీ కాదు. నడక నేర్చిన ప్రతి పిల్లకీ వచ్చు. మంచులో కూరుకుపోకుండా పాదాలకు కట్టుకునే మంచుచెప్పులకు కర్ర వంచి చట్రం కట్టేది మగవాడు, అందులో దుప్పి పచ్చితోలు వార్లు అల్లేది ఆ ఇంటి ఆడది. ఒక్కో ఇంటి అల్లిక ఒక్కో తీరు. మెత్తటి మంచులో చెప్పు దిగితే ఆ అల్లిక అచ్చు గుద్దినట్టు పడిపోతుంది. మా అమ్మ నాకు నేర్పిన అల్లికలో మడమ కింద చేపముల్లు లాంటి వరుస ఒకటి ఉంటుంది. దాన్ని అల్లడం కష్టం, విప్పడం ఇంకా కష్టం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త మల్గలిత్ అది చూసి మూతి తిప్పింది. చెప్పుకు ఈ సింగారమెందుకే, జింకలు చూసి మెచ్చుకోవాలా అంది. తరవాత ఆ చేపముల్లు కోసమే తెల్లారి లేచి సరస్సు గట్టు మీద వెతుక్కునేది. కొడుకు వేట నుంచి దిగాడా లేదా అని.

మా మామ ఎప్పుడో పడవ మునిగి పోయాడట. ఆయన పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పోయినవాళ్ల పేరు మేం పలకం. పలికితే వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు, వెళ్లవలసిన దారి తప్పుతారు. మా అత్త ఆయన్ని "ఆ పడవ మనిషి" అనేది. అంతేగాని పెళ్లాం మొగుణ్ని పేరు పెట్టి పిలవకూడదన్న పట్టింపు మాలో లేదు. నేను మా ఆయన్ని పొద్దస్తమానం పేరు పెట్టే పిలిచేదాన్ని, కోపం వస్తే ఇంకా గట్టిగా. ఈ కథలో మాత్రం సెసిల్ నాన్న అనే అంటాను. సెసిల్ మా కూతురు.

ఆ ఏడు బాస్టన్ వాళ్లు, అంటే మా నేల మీదికి వచ్చి సముద్రం ఒడ్డున ఊళ్లు కట్టుకున్న తెల్లవాళ్లు, మా నది పొడుగునా పైకి వచ్చారు. కోతకొచ్చిన మొక్కజొన్న తగలబెట్టారు, ఫ్రెంచి పాదిరీ కట్టించిన మా గుడి తగలబెట్టారు. మావాళ్లూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. సముద్రం వైపు వెళ్లి వాళ్ల ఇళ్లూ కొట్టాలూ తగలబెట్టి వచ్చారు. ఎవరు ముందు మొదలుపెట్టారంటే తాతల నాటి తగవులు తవ్వుకోవాలి. చివరికి వాళ్లు, మమ్మల్ని చంపి నెత్తిచర్మం ఒలిచి తెస్తే డబ్బిస్తామని వెల కట్టారు. మగవాడికి ఒక వెల, ఆడదానికి ఒకటి, పిల్లలకు ఒకటి. ఊళ్లో చాలామంది మూటాముల్లే సర్దుకుని ఉత్తరాన ఫ్రెంచి వాళ్ల పెద్దనది ఒడ్డుకు వెళ్లిపోయారు.

మేం వెళ్లలేదు. ఆకులు రాలుతుండగా సెసిల్ నాన్న కొందరితో కలిసి సముద్రం వైపు వెళ్లాడు. వెళ్లేటప్పుడు నేనల్లిన కొత్త మంచుచెప్పులు వీపున కట్టుకున్నాడు. మీరు వేట సరస్సు దగ్గర ఉండండి, మంచు గట్టిపడేలోగా నేను అక్కడికే వస్తాను, అందరం కలిసే ఉత్తరానికి పోదాం అన్నాడు. మా అత్త ఎండిన మలుగు చేపలు సంచిలో కుక్కుతూ, సగం దారిలోనే అన్నీ తినెయ్యకు అని కసురుకుంది. అతను నవ్వి సెసిల్ ముక్కు పిండి వెళ్లాడు.

సరస్సు గడ్డకట్టింది. అతను రాలేదు. అతనితో వెళ్లినవాళ్లలో ఇద్దరు మా దారినే వచ్చారు. వాగు దాటుతుండగా తుపాకులు పేలాయనీ, చీకట్లో ఎవరికి వారయ్యామనీ, అతను పడిపోవడం మేమెవరం చూడలేదనీ చెప్పారు. మా అత్తకు ఆ ఆఖరి మాట ఒక్కటే వినబడింది.

మా గుడిసెలో నలుగురం. నేను, మా అత్త, సెసిల్, మా అత్తకు అన్న అయిన పియెల్ పెదనాన్న. ఆయనకు ఎడమ పాదం వేళ్లు ఎప్పుడో మంచుకు పోయాయి. కుంటుతూనే ఉచ్చులు వేసేవాడు, కుంటుతూనే కట్టెలు తెచ్చేవాడు, రోజూ ఏదో ఒక మాట విసిరి చెల్లెల్ని ఉడికించేవాడు. ఆయన బాస్టన్ వాడి నడక నడిచి చూపిస్తే సెసిల్ పడీపడీ నవ్వేది.

"వాణ్ని గుర్తుపట్టడానికి మొహమెందుకే పిల్లా? మనకి వేళ్లు లోపలికి తిరిగుంటాయి. వాడు బాతులాగా బయటికి పెట్టి నడుస్తాడు. వాడికి మంచుచెప్పులు తొడిగావో, చట్రాల వెనకున్న తోకలు రెండూ తన్నుకు చస్తాయి."

సెసిల్ కూడా వేళ్లు బయటికి తిప్పి గుడిసె చుట్టూ బాతు నడక నడిచేది. ఆపవే, ఆ నడక అంటుకుంటే నిన్నెవడు చేసుకుంటాడు అని మా అత్త విసుక్కునేది.

తినడానికి ఉన్నది తరిగిపోతోంది. ఉత్తరానికి పోదామని పెదనాన్న రోజూ ఎత్తేవాడు. మంచు ఇంకా లోతైతే తను నడవలేడు, పిల్లను అంత దూరం మోయడం నా ఒక్కదాని వల్ల కాదు, బాస్టన్ వాళ్లు ఈ ఏడు మంచుచెప్పులు వేసుకుని అడవుల్లోకి వస్తున్నారట అని. ఇవేవీ మా అత్త చెవికెక్కలేదు. వాడు ఇక్కడికొస్తానన్నాడు, వస్తే చల్లారిన పొయ్యి చూసి ఏమనుకుంటాడు అనేది. నేను ఎవరి పక్షమూ చెప్పలేదు. నాకు పెదనాన్న మాటే నిజమని తెలుసు, మా అత్త మాటే కావాలని ఉంది.

ఒకనాటి పొద్దున మంచులో చేపల కోసం చేసిన కన్నం చూడటానికి వెళ్లిన మా అత్త ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఆ వయసులో ఆవిడ అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నా చెయ్యి పట్టుకుని సరస్సు అవతలి గట్టుకు లాక్కుపోయింది. అక్కడ ఎవరో నడిచి వెళ్లారు. గాలి చాలా అడుగుల్ని తినేసింది. ఒక పెద్ద చెట్టు చాటున మాత్రం ఒకే ఒక్క అడుగు చెక్కుచెదరకుండా ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమాను. మడమ కింద చేపముల్లు ఉంది. మూడో ముల్లు దగ్గర తోలు వారు చాలకపోతే ఇంకోటి కలిపి ముడేశాను, ఆ ముడి కూడా ఉంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే మంచులో కూర్చుని ఏడ్చాను. మా అత్త ఏడవలేదు. చెట్ల వైపు తిరిగి కొడుకును పేరు పెట్టి పిలిచింది, ఆలస్యంగా ఇంటికొచ్చిన పిల్లాణ్ని అన్నానికి పిలిచినట్టు. ఎవరూ పలకలేదు.

వచ్చినవాడు ఇంట్లోకి రావాలిగాని చుట్టూ తిరిగి పోవడమేమిటని పెదనాన్న అడిగాడు. మా అత్త దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సముద్రం వైపు ఊళ్లలో మశూచి ఉందట. కొడుక్కి అది సోకి ఉంటుంది. ఇంట్లో పసిపిల్ల ఉందని లోపలికి రాకుండా దూరం నుంచి చూసుకుని పోతున్నాడు. నా పెంపకం అలాంటిది మరి, అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఆ రోజు నుంచి ఒక పూట తిండి మానేసి, దాన్ని భూర్జ బెరడు దొప్పలో పెట్టి ఆ చెట్టు కింద ఉంచి వచ్చేది. మర్నాటికి దొప్ప ఖాళీగా ఉండేది. దాని చుట్టూ నక్క అడుగులు ఉండేవి. మా అత్తకు అవి కనబడలేదు. నాకూ కనబడనట్టే ఉన్నాను. దూరంగా, కొండ మలుపు దగ్గర, మళ్లీ ఒకసారి చెప్పుల జాడ కనబడింది. సగం పూడిపోయినా అది నా అల్లికే.

కట్టెలు కొడుతుండగా పెదనాన్న నాతో మెల్లగా అన్నాడు.

"అగాత్, పోయినవాళ్లు మొదటి చలికాలమంతా ఇంటి చుట్టే తిరుగుతారంటారు. పేరు వదలకుండా పిలుస్తుంటే అసలు పోరు. మల్గలిత్ పిలుస్తోంది, నువ్వూ పిలుస్తున్నావు."

"పోయినవాళ్లకి అడుగులు పడతాయా పెదనాన్నా?"

ఆయన గొడ్డలి దించాడు. నేనింకా పోలేదు గదా, నాకేం తెలుసు అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ తరవాత కట్టెలకు వెళ్లినా, ఉచ్చులు చూడ్డానికి వెళ్లినా, వెనకాల మంచు నలిగిన చప్పుడు అయినట్టుండేది. తిరిగి చూస్తే నా అడుగులే ఉండేవి. మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టుండేది. భయపడేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ భయంలో ఒక తీపి కూడా ఉండేది. బతికున్నా పోయినా అతను దగ్గర్లోనే తిరుగుతున్నాడు గదా అనిపించేది.

మా అత్త సెసిల్‌ను కూడా గట్టుకు తీసుకెళ్లి ఆ అడుగు చూపించింది. ఇది మీ నాన్న పాదం, బాగా గుర్తుంచుకో అంది. సెసిల్ తన చిన్న పాదం అందులో పెట్టి చూసుకుని, నాన్నది ఎంత పెద్దదో అని మురిసిపోయింది.

రాత్రంతా మెత్తగా మంచు కురిసి తెరిపి ఇచ్చిన ఒక ఉదయం, సెసిల్ గుడిసెలో లేదు.

ఉచ్చుల దగ్గరికి పెదనాన్నతో వెళ్లిందనుకున్నాను. పెదనాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. గుడిసె వెనక నుంచి చిన్న చెప్పుల జాడ సరస్సు దాటి తిన్నగా ఆ చెట్టు వైపు వెళ్లింది. చెట్టు దగ్గర కొత్త అడుగులున్నాయి. పొద్దున్నే పడినవి. సెసిల్ ఆ పెద్ద అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెళ్లింది.

నేను పరుగెత్తాను. మొదట పిల్ల అడుగులు తప్ప ఇంకేమీ చూడలేదు. ఆ చిన్న అడుగులు పెద్దవాటిలోంచి మాటిమాటికీ పక్కకు జారుతున్నాయి. ఎందుకు జారుతోంది, నాన్న అడుగుల్లో నడవడం దానికి ఆటే గదా అనుకున్నాను. అప్పుడు పెద్ద అడుగుల్ని చూశాను. కొత్త మంచు కాబట్టి ఒకటి కాదు, వరుసగా అన్నీ కనబడుతున్నాయి. ప్రతి అడుగులోనూ నా చేపముల్లు ఉంది. ప్రతి అడుగూ బయటికి తిరిగి ఉంది. చెప్పుల తోకలు ఒకదాన్నొకటి తన్నుకున్న చోటల్లా మంచు చిల్లుపడి ఉంది.

సెసిల్ నాన్నకు కుడి పాదం మిగతావాళ్లకంటే ఎక్కువే లోపలికి తిరుగుతుంది. నేనతన్ని దానికి వెక్కిరించేదాన్ని కూడా.

ఆగి ఏడవడానికి అప్పుడు వీల్లేదు. పిల్ల ముందు ఎక్కడో ఉంది. ఆ చెప్పుల్లో ఉన్నవాడితో ఉంది.

చిన్న వాగు ఒడ్డున, పడిపోయిన చెట్టు మొద్దు మీద సెసిల్ కూర్చుని ఉంది. ఒక్కతే. మొద్దు పక్కన పొగాకు బూడిద ఉంది. అక్కడి నుంచి ఆ జాడ వాగు దాటి వెళ్లి, ఇంకా చాలామంది జాడలతో కలిసిపోయింది. గాలిలో పచ్చి కట్టెల పొగ వాసన వస్తోంది. సెసిల్ చేతిలో నలుచదరంగా, గట్టిగా ఉన్న బాస్టన్ రొట్టె ముక్క ఒకటి ఉంది. నేను దాని నోరు మూసి ఎత్తుకున్నాను. అది నా వేళ్లు తొలగించి, చెవిలో గుసగుసగా చెప్పింది.

"నాన్న ఇచ్చాడమ్మా. మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. మాట్లాడొద్దని ఇలా వేలు పెట్టాడు." తన పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. "ఇంటికి పొమ్మని చెయ్యి ఊపాడు."

దాన్ని వీపున కట్టుకుని ఎలా ఇంటికి చేరానో నాకు గుర్తు లేదు.

మా అత్త గుమ్మంలోనే ఉంది. సెసిల్ దిగీదిగగానే నాన్నను చూశానని చెప్పేసింది. మా అత్త ఆ రొట్టె ముక్కను రెండు చేతుల్లోకి తీసుకుంది. చూశావా, నేను చెప్పలేదా అంది. అది బాస్టన్ వాళ్ల రొట్టె అని పెదనాన్న అంటే, వాళ్ల దగ్గర కొట్టుకొచ్చి ఉంటాడు, వాడు చిన్నప్పటి నుంచీ ఇంతే అంది. చుట్టూ చాలామంది ఉన్నారనీ, ఇప్పుడే కదలాలనీ పెదనాన్న గొంతు తగ్గించి బతిమాలాడు. మీరు పొండి, నా కొడుకు ఇంత దగ్గర్లో ఉంటే నేనెక్కడికి వస్తాను అంది. పొయ్యి దగ్గర కూలబడింది. ఆవిడ రాకుండా మేం వెళ్లమని ఆవిడకు తెలుసు. పసిపిల్ల ప్రాణం ఆ మొండితనం మీద వేలాడుతోంది.

"నువ్వు చెప్పవే," అంది నాతో. "అడుగులు చూసుకుంటూ వెళ్లినదానివి నువ్వు. పిల్ల అబద్ధం చెబుతుందా? ఎవరివి ఆ చెప్పులు?"

చచ్చిపోయాడు అనే మాట ఒక తల్లితో ఎలా అనాలో నాకెవరూ నేర్పలేదు.

"నేనల్లినవే అత్తా," అన్నాను. "సెసిల్ నాన్నవే."

మా అత్త తలెత్తి నా వంక చూసింది. పెళ్లయిన నాటి నుంచీ నేనతన్ని అలా అనడం ఆవిడ వినలేదు. పేరు చెబుతానేమోనని కాసేపు ఎదురుచూసింది. నేను కిందికి చూస్తూ నిలబడ్డాను. సెసిల్ నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది.

మా అత్త లేచింది. కొడుకు వస్తే తొడుక్కోవడానికని పొయ్యి పక్కన ఆరబెట్టి ఉంచిన మెత్తటి తోలు జోళ్లు తీసి మూటలో పెట్టింది. గుడిసె మీది బెరడు పట్ట ఒకటి పట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది.

"పియెల్ అన్నా, ఆ పక్క విప్పు," అంది.

పొద్దు వాలకముందే సరస్సు దాటి ఉత్తరం వైపు కొండెక్కాం. మా అత్త అందరికంటే వెనక నడుస్తూ, దేవదారు కొమ్మతో మా జాడ చెరుపుతూ వచ్చింది. సెసిల్ నా వీపు మీద నిద్రపోయింది. మర్నాడు ఉదయం కొండ మీది నుంచి చూస్తే, మేం విడిచి వచ్చిన చోట నల్లటి పొగ లేస్తోంది. బాస్టన్ వాళ్లు ఒక రోజు ఆలస్యంగా వచ్చారు. పిల్లను చూసినవాడు వెళ్లి వెంటనే చెప్పి ఉంటే అంత ఆలస్యం అయ్యేది కాదు. ఆ సంగతి నాకప్పుడే తట్టింది. పైకి అనలేదు.

దారి పొడుగునా మా అత్త తన కొడుకు పేరు ఎత్తలేదు. ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. పేరు లేని ఆ నిశ్శబ్దంలోనే నాకు మొగుడు నిజంగా పోయాడు.

మంచు కరగడం మొదలయ్యాక సంధి మాటలు నడుస్తున్నాయని కబురొచ్చింది. పెద్దవాళ్లు మాట్లాడుకోవడానికి మా నది దిగువకు వెళ్తుంటే, తిండి గింజలు దొరుకుతాయని మేమూ వెంట వెళ్లాం. బాస్టన్ వాళ్ల సరుకుల కొట్టు ఎదుట ఇంకా చెట్ల కింద మంచు మిగిలే ఉంది. మా ఆడవాళ్లు అక్కడ కూర్చుని వాళ్ల తెగిన మంచుచెప్పులు బాగుచేసి, బదులుగా మొక్కజొన్న పిండి తీసుకునేవారు. నిన్నటిదాకా మన నెత్తిచర్మం కోసం తిరిగినవాళ్ల చెప్పులు కుట్టడమేమిటని ఒకావిడ అంటే, పిల్లలు నిన్నటి తిండి ఇవాళ తినరు గదా అని ఇంకొకావిడ అంది. నేనూ ఎముక సూది పట్టుకుని కూర్చున్నాను.

ఒకడు వచ్చి నా ముందు చెప్పులు పడేశాడు. నడివయసు మనిషి. చలికి ఒక చెవి కొన నల్లబడి ఊడిపోయింది. వేళ్లు బయటికి తిరిగి ఉన్నాయి, వాళ్లందరివీ అంతే. ఒక చెప్పుకు నడిమధ్య పెద్ద చిల్లు పడింది. మడమ దగ్గర మాత్రం నా చేపముల్లు గట్టిగానే ఉంది. ముడి గట్టిగానే ఉంది.

నా పక్కన కూర్చున్న మా అత్త చేతిలో పని ఆగిపోయింది.

సెసిల్ లేచి వెళ్లి అతని ఎదురుగా నిలబడింది. ముఖంలోకి పరీక్షగా చూసింది. ఈసారి గుడ్డ లేదు. తర్వాత మెల్లగా వేలెత్తి తన పెదవుల మీద పెట్టుకుంది.

అతనిది అసలే తెల్లటి మొహం, ఇంకా తెల్లబడింది. అతను సెసిల్‌ను చూశాడు, నన్ను చూశాడు, నా చేతిలోని చెప్పును చూశాడు. అతని చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్లి ఒక రొట్టె ముక్క తీసి పిల్ల చేతిలో పెట్టింది.

నా ఒళ్లో వార్లు కోసే కత్తి ఉంది. దాన్ని అతని పొట్టలో దింపాలనిపించింది. అతని కాళ్ల మీద పడి ఏడవాలనీ అనిపించింది. రెండూ ఒక్కసారే అనిపించాయి, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు. ఈ చెప్పులు నువ్వే తీసుకున్నావా, ఎవరైనా ఇచ్చారా, అతను ఎక్కడ పడి ఉన్నాడు అని అడగవచ్చు. పెదనాన్నకు వాళ్ల భాష కొంత వచ్చు, పిలిస్తే పలికే దూరంలోనే ఉన్నాడు. నేను పిలవలేదు. ఏ జవాబు విన్నా, ఆ తరవాత ఆ కత్తిని ఏం చెయ్యాలో తేల్చుకోవాలి.

మా అత్తే మాట్లాడింది. గొంతు మామూలుగానే ఉంది.

"రేపు రమ్మను."

నా సైగ చూసి అతను వెళ్లాక, చెప్పులు రెండూ నా ఒళ్లోకి నెట్టింది.

"చిల్లు ఒక్కటే కాదు, అల్లికంతా తీసెయ్. రెంటికీ. వాడికి నీ ముడి ఒక్కటి కూడా ఉంచకు."

వార్లు కోస్తే సులువే. నేను కోయలేదు, ఒక్కొక్కటీ విప్పాను. చేపముల్లు విప్పడం కష్టమని ముందే చెప్పాను. గోళ్లు చిట్లాయి. మా అత్త నీళ్లు తెచ్చి ముడుల మీద పోసి నానబెట్టింది. తీసిన వారునల్లా ఆవిడ ఒళ్లో చుట్ట చుట్టుకుంది. ఖాళీ చట్రాల్లో కొత్త వార్లు పెట్టి, ఏ ఇంటిదీ కాని అల్లిక ఒకటి అల్లాను. చూడటానికి వికారంగా ఉంది, నడవడానికి పనికొస్తుంది. ఆ చెప్పులు వేసుకుని ఎవడు ఎక్కడ తిరిగినా, ఏ తల్లీ గట్టు మీద నిలబడి ఎవరినీ పిలవదు. మర్నాడు అతను చెప్పులు తీసుకుని, కింది వైపు తిప్పి చూసుకుని, ఏమీ అనకుండా పిండి సంచి పెట్టి వెళ్లాడు. అనుకున్నదానికంటే పెద్ద సంచి.

పూడ్చడానికి మా దగ్గర అతని శవం లేదు. ఆ తోలు వార్ల చుట్ట ఒక్కటే ఉంది. మా అత్త దాన్ని ఎర్ర గుడ్డలో చుట్టి, పొయ్యి పక్కన ఆరబెట్టిన ఆ మెత్తటి జోళ్ల మధ్య పెట్టింది. నదికి పైన పెదనాన్న గొయ్యి తవ్వాడు. నేల ఇంకా గట్టిగానే ఉంది, చాలాసేపు పట్టింది. ఆయన ఆ పూట ఒక్క పరాచికమూ ఆడలేదు. మట్టి కప్పబోతుంటే సెసిల్ ఆగమని చెప్పి, నడుముకు దోపుకున్న రొట్టె ముక్క తీసి గుడ్డ మీద పెట్టింది. నిన్నటి నుంచి దాన్ని కొరకనైనా లేదు.

"ఆయన నాన్న కాదమ్మా," అంది నాతో. తప్పు తనదే అన్నట్టు చెప్పింది.

మా అత్త ఆ రొట్టె వంక చూసింది. తీసేస్తుందనుకున్నాను.

"ఈ బాస్టన్ రొట్టె వాడికి పడదే తల్లీ," అంది. "సర్లే, ఉండనీ. దారిలో ఆకలేస్తే ఏదైనా తింటాడు."

ఆ తరవాత ఆవిడ చాలా ఏళ్లు బతికింది. కొడుకు పేరు ఒక్కసారి కూడా అనలేదు. "చేపముల్లు అబ్బాయి" అనేది, అదీ ఎప్పుడో ఒకసారి. నేను ఆ అల్లిక మళ్లీ అల్లలేదు, సెసిల్‌కు నేర్పలేదు. ఆ ముడి ఈ నేల మీద ఇంకెవరి కాళ్ల కిందా లేదని నాకు బాగా తెలుసు. నా చేతులతో నేనే విప్పాను.

అయినా ఏటా తొలిమంచు పడిన ఉదయం మా అత్త అందరికంటే ముందు లేచేది. ఎక్కడికంటే నీళ్లకు అనేది. బెరడు బుంగ మాత్రం గుమ్మం పక్కనే ఉండేది. కాసేపటికి గట్టు వైపు నుంచి తిరిగొచ్చి పొయ్యి ఊదుకునేది. నేను నిద్రపోతున్నట్టు నటించేదాన్ని.

ఆవిడ పోయి చాలా కాలమైంది. సెసిల్‌కు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నిన్న రాత్రి ఈ ఏటి తొలిమంచు పడింది. తెల్లారి నేను గట్టు దాకా వెళ్లి, నేలంతా ఒకసారి చూసి తిరిగొస్తుంటే, సెసిల్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎక్కడికి వెళ్లావని అడిగింది. నీళ్లకు అన్నాను. అది ఇంకేమీ అనలేదు. గుమ్మం పక్కన ఉన్న బుంగ తీసుకుని, నీళ్లు తేవడానికి తనే వెళ్లింది.